కనబడని పళ్లు మాత్రమే కోయవలెను

"టీ పెట్టొద్దంతే పెట్టొద్దు" అని మత్స్యలింగం మూడోసారి అన్నాడు. అప్పటికి పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. వాళ్లమ్మ సొన్నమ్మ పొయ్యి ముందు పీట వేసుకుని, గ్లాసు ఒళ్లో పెట్టుకుని, కొడుకు మాట గాలికి వదిలేసి గిన్నెకేసి చూస్తూ కూర్చుంది.

"మరేటి తాగమంతావ్ రా నన్ను?"

"ఆళ్లు ఎల్లిపోయాక తాగు. ఒక్కపూటకి సచ్చిపోవు."

"టీ పడకపోతే నాకు కళ్లు కనబడవు. కళ్లు కనబడకపోతే ఆ వొచ్చినోళ్లకి ఎటు తిరిగి దండం పెట్టాల?"

మత్స్యలింగం గోడకి తగిలించిన కాగితం వైపు వేలు చూపించాడు. అతను చూపించినా చూపించకపోయినా ఆ కాగితంలో ఏముందో ఇంట్లో అందరికీ వచ్చు. అయినా కూతురు రమణి, పరీక్షలకి చదువుకుంటున్న పుస్తకం పక్కన పెట్టి, మళ్లీ చదివింది.

"ఏడో నిబంధన. సందర్శన దినములందు రైతు గృహమందు తేయాకు వాసన రాకూడదు. సందర్శకుల మనస్సున కాఫీ తప్ప వేరు పానీయపు ఊహ కలుగరాదు."

"ఆళ్ల మనసులో ఊహ రాకుండా నా నోట్లో టీ ఆపీమంతారా?" అంది సొన్నమ్మ. "ఏమే కోడలా, నువ్వన్నా సెప్పవే."

కోడలు దేముడమ్మ గుమ్మంలో నిలబడి తోటకేసి చూస్తోంది. ఇంటి వెనక పల్లంలో, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఎకరంన్నర కాఫీ తోట. కొమ్మకొమ్మకీ పళ్లు ఎర్రగా గుచ్చినట్టున్నాయి. ఆమె దృష్టిలో ఆ ఉదయానికి టీ పెద్ద సమస్య కాదు.

"టీ తాగితే తాగనీ" అంది. "పళ్లు సంగతి సెప్పు ముందు. ఇయ్యాల్టికి కొయ్యాల్సినయ్యి. రేపటికి మెత్తబడిపోతాయి."

"మూడో నిబంధన..." అంటూ రమణి కాగితం వైపు తిరిగింది.

"నాకు తెల్సు. సదవకు."

మూడో నిబంధన ఏమిటంటే, సందర్శనల కాలం ముగిసేవరకు రైతు తోటలోని ఒక్క పండు కూడా కోయరాదు. కోసే హక్కు సందర్శకులది.

ఇదంతా ఎలా మొదలైందో చెప్పాలి. పట్నాల్లో ఈమధ్య ఖరీదైన కాఫీ తాగేవాళ్లకి, తాము తాగే కాఫీ ఏ మట్టిలో పుట్టిందో, ఎవరి చేతి మీదుగా వచ్చిందో చూడాలన్న కోరిక కలిగింది. కోరికలో తప్పేమీ లేదు. బియ్యం తినేవాళ్లకి ఇన్నాళ్లూ అలాంటి కోరిక కలగలేదన్నది వేరే సంగతి. అయితే ఈ కోరిక గిరి పానీయాల ప్రోత్సాహక సంస్థ వారి చెవిన పడింది. సంస్థ చెవిన పడ్డ కోరిక పథకమైంది. పథకానికి 'మూల దర్శనం' అని పేరు పెట్టారు. పేరు పెట్టాక ఒక విభాగం కావలసివచ్చింది. విభాగానికి ఒక ఉపసంచాలకుడు, ఒక జీపు, ఒక లక్ష్యం వచ్చాయి. లక్ష్యం వచ్చాక ఒక తోట కావాలి కదా, దేముడమ్మ తోట దొరికింది.

దొరకడానికి కారణం పూర్తిగా దేముడమ్మదే. మూడేళ్లుగా ఆమె అందరిలా పచ్చీ పండూ కలిపి కొమ్మ దూయడం మానేసింది. పూర్తిగా ఎర్రబారిన పండునే ఒక్కొక్కటిగా తెంపేది. నీళ్లలో పోసి తేలినవాటిని తీసి పారేసేది. కోసిన రోజే తొక్క ఒలిచి, గింజ పులియబెట్టి, కడిగి, మంచెల మీద వల పరిచి ఎండబెట్టేది. వాన మబ్బు పడితే అన్నం ముద్ద వదిలేసి పరిగెత్తి కప్పేది. ఇరుగుపొరుగు వాళ్లు, బిడ్డని సాకినా ఇంత సాకవు కదే అని నవ్వేవారు. నిరుడు సంస్థ నాణ్యతా విభాగం వారు రుచి పరీక్ష పెట్టినప్పుడు ఆ చుట్టుపక్కల తోటలన్నింటిలోకీ ఆమె గింజలకే ఎక్కువ మార్కులు పడ్డాయి. ఈ పంటకి, వచ్చే జనవరి పదిహేనో తారీకు లోపల ఎండిన గింజల నమూనా పంపితే, ఆమె పంటని వేరే బస్తాల్లో వేసి, ప్యాకెట్ మీద 'దేముడమ్మ తోట' అని అచ్చువేస్తామన్నారు. ఆమె పేరు అప్పటిదాకా రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా అచ్చు కాలేదు. అందులోనూ వయసు మత్స్యలింగం కంటే పదేళ్లు ఎక్కువ పడింది.

కాబట్టి ఆమె బాగా కోసింది. బాగా కోసింది కాబట్టి ఆమె తోట ఉత్తమమైంది. ఉత్తమమైంది కాబట్టి సందర్శనకి ఎంపికైంది. సందర్శనకి ఎంపికైంది కాబట్టి కోయకూడదు. ఇందులో ఎక్కడా లోపం లేదని సంస్థ వారు రెండుసార్లు సరిచూసుకున్నారు.

"పదేనో తారీకుకి గింజలివ్వాల" అంది దేముడమ్మ. "ఎండటానికే పన్నెండు రోజులు పడతాది. నువ్వు ఆదర్శ రైతువి కదా, లెక్క నువ్వే సెప్పు."

'ఆదర్శ రైతు' అన్న బోర్డు తోట ముందు పాతారు. దాని మీద మత్స్యలింగం పేరు రాశారు. దరఖాస్తులో భర్త పేరు అడిగారు గానీ భార్య పేరు అడిగే గడి లేదు. ఆ బోర్డు పాతిన దగ్గర్నించి అతను ఉతికిన చొక్కానే వేసుకుంటున్నాడు.

"పెద్దోళ్లు ఊరికే సెప్తారా?" అన్నాడు. "ఏదో ఉంటాది."

ఆ ఉదయం జీపు వెనకాల మినీ బస్సు వచ్చింది. టీ వాసన పోవడానికి రమణి నీలగిరి ఆకులు పొయ్యిలో వేసింది. ఇల్లంతా జలుబు మందులా ఉంది.

ఉపసంచాలకులు చక్రధరం గారు ముందు దిగారు. ఆయన వెనక పద్నాలుగు మంది సందర్శకులు. చక్రధరం గారికి మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడే అలవాటు.

"మాన్య సందర్శకులారా! ఇక్కడి రైతుకూ మొక్కకూ మధ్యనున్న అనుబంధం అనాదిగా వస్తున్నది. ఈ తల్లి ప్రతి ఉదయం తన స్వహస్తాలతో కాఫీ సేవించి, ఆ పిమ్మట మాత్రమే తోటలో అడుగిడుతుంది."

తన గురించే అంటున్నారని దేముడమ్మకి తెలియడానికి కాస్త సమయం పట్టింది. ఆ ఇంట్లో కాఫీ ఎవరూ ఎప్పుడూ తాగలేదు. గింజ ఎండగానే అమ్మేస్తారు. వేయించడానికి మూకుడు లేదు, పొడి చేయడానికి మర లేదు, తాగాలన్న సరదా అసలే లేదు.

ఒక సందర్శకురాలు ఆమె చెయ్యి పట్టుకుని, "పండు కోసేటప్పుడు మీ మనసులో ఏమనిపిస్తుంది?" అని అడిగింది.

"బేగి కోసీయాలనిపిస్తాదమ్మా" అంది దేముడమ్మ.

సందర్శకురాలు దాన్ని పుస్తకంలో రాసుకుంది.

తోటలో దిగాక చక్రధరం గారు ఒక ఓక్ చెట్టు దగ్గర ఆగారు. ఆ చెట్టుకి మిరియాల తీగ అల్లుకుని ఉంది. కాఫీ తోటల్లో నీడ చెట్లకి మిరియాలు పాకించడం అక్కడ అందరూ చేసేదే. గుత్తుల్లో చాలామటుకు పచ్చగానే ఉన్నాయి. ఒకట్రెండు తొందరపడి ఎర్రబారాయి. చక్రధరం గారు ఆ ఎర్రటి గుత్తిని అరచేతిలోకి తీసుకున్నారు.

"ఇదిగో, దేనికోసం మీరు ఇంత దూరం వచ్చారో, అది ఇదే!"

పద్నాలుగు ఫోన్లు పైకి లేచాయి. ఆయన రెండు గింజలు తెంపి నోట్లో వేసుకుని కొరికారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఘాటు" అన్నారు చివరికి. "గమనించండి. ఈ మట్టి మహిమ. మన కాఫీలో అంతర్లీనంగా ఉండే మసాలా రుచి మూలంలోనే ఉంది."

అందరూ తలా ఒకటి కొరికారు. అందరికీ కళ్లలో నీళ్లు వచ్చాయి. గడ్డం పెంచుకున్న ఒక కుర్రాడు, తాను ఇన్నేళ్లుగా ఈ రుచినే వెతుకుతున్నానని చెప్పి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

దేముడమ్మ "బాబూ, అది..." అనబోయింది. మత్స్యలింగం ఆమె కాలు తొక్కాడు. పెద్దవాళ్లు కాఫీ అన్నాక దాన్ని మిరియం అనడానికి మనమెవరం అన్నది అతని ఉద్దేశం.

తర్వాత అసలు కాఫీ చెట్ల దగ్గరకి వెళ్లి, నిబంధన ప్రకారం ఒక్కొక్కరూ పదేసి పళ్లు కోశారు. ఎక్కువగా పచ్చివే కోశారు. కొన్ని కొమ్మతో సహా వచ్చాయి. ఆ పైన, సంస్థ వారు పట్నం నుంచి ఫ్లాస్కులో తెచ్చిన కాఫీని ఈ తోట కాఫీ అని చెప్పి అందరికీ పోశారు. ఫోటో కోసం సొన్నమ్మకి కూడా ఒక కప్పు ఇచ్చారు. ఆవిడ ఒక గుక్క తాగి, ఫోటో అయ్యేదాకా నోట్లోనే ఉంచుకుని, తర్వాత ఇంటి వెనక్కి వెళ్లి ఉమ్మేసి వచ్చింది.

"ఓలమ్మో, దీన్ని డబ్బిచ్చి తాగుతారా? మీరు పండించీది ఇదేనా?"

"మనది కాదత్తా. పట్నంది" అంది దేముడమ్మ.

"మనది బాగుంటాదా?"

"బాగుంటాదనే అంతారు."

వారానికి మూడు బస్సులు వచ్చాయి. పదిరోజులు తిరిగేసరికి బాట పక్కన చెట్లు బోడి అయ్యాయి. లోపలి చెట్ల పళ్లు మాత్రం ముట్టుకునేవాళ్లు లేక మెత్తబడ్డాయి. కొన్ని నల్లబడి నేల రాలాయి. రాలిన పండు నేల మీద ఉంటే పురుగు చేరుతుంది. ఆ పురుగు వచ్చే ఏడు కాయని తొలిచేస్తుంది. దేముడమ్మ రాలినవాటిని ఏరబోతే, జీపు డ్రైవర్ వచ్చి, 'సహజ వాతావరణం' చెరపొద్దని చెప్పాడు. అది పద్నాలుగో నిబంధన.

బాట పక్కన పళ్లు లేవని ఒక సందర్శకుడు ఫిర్యాదు పుస్తకంలో రాశాడు. దాని మీద సంస్థలో అత్యవసర సమావేశం జరిగింది. ఆరో రోజున ఉత్తర్వు వచ్చింది. రమణి చదివింది.

"సందర్శకులు కోసిన పళ్లను వారి నిష్క్రమణానంతరం సేకరించి, తదుపరి బృందపు ఆగమనమునకు పూర్వమే దారముతో యథాస్థానమున కట్టవలెను. దారము ఆకుపచ్చ వర్ణముది వాడవలెను."

మత్స్యలింగం కాగితం తీసుకుని వెనక వైపు కూడా చూశాడు.

"కోసిన పండు మళ్లీ కట్టాలా?" అంది దేముడమ్మ.

"యథాస్థానమున" అంది రమణి. "ఎక్కడ కోశారో అక్కడే."

సొన్నమ్మకి బంతిపూలు కట్టడంలో మంచి పేరుంది. ఊళ్లో పండగొస్తే తోరణాలన్నీ ఆవిడవే. ఆవిడ చెట్టు కింద కూర్చుని ఒక్కో బృందం వెళ్లాక నూట నలభై పళ్లు కట్టేది. "మీ అయ్య నన్ను సేసుకున్నప్పుడు కాపీ పళ్లకి దండలు కడతానని అనుకోనేదు" అని కొడుకుని సాధించేది. నాలుగు బృందాలు కోసేసరికి పండు ముడతలు పడేది. అప్పుడు దాన్ని తీసి, లోపలి చెట్టు మీంచి ఒక కొత్త పండు తెచ్చి కట్టేవారు. అలా తేవడం కోయడం కిందికి రాదని, 'స్థలాంతరీకరణ' కిందికి వస్తుందని సంస్థ వారు వివరణ ఇచ్చారు.

ఒక బృందంలో వచ్చిన చిన్న పాప, "దీనికి దారం ఎందుకు కట్టారు?" అని అడిగింది.

చక్రధరం గారు తడుముకోలేదు. "గాలికి రాలకుండా గిరిజన సోదరులు తరతరాలుగా పాటిస్తున్న సంప్రదాయ రక్షణ విధానమమ్మా ఇది. పూర్తిగా సేంద్రియం."

పాప తల్లి ఆ దారాన్ని కూడా ఫోటో తీసుకుంది. మరుసటి వారం వచ్చినవాళ్లు, తమ ఇళ్లలోని పూలకుండీలకి కట్టుకోవడానికి దారం ఉండలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు.

డిసెంబరు మూడో వారంలో దేముడమ్మ భర్తకి చెప్పకుండా బస్సెక్కి సంస్థ కార్యాలయానికి వెళ్లింది. కొంగులో నల్లబడిన పళ్లు గుప్పెడు కట్టుకుంది. కార్యాలయం ఒకే గది. ఆ చివర నాణ్యతా విభాగం బల్ల, ఈ చివర సందర్శనల విభాగం బల్ల. మధ్యలో ఒక బీరువా ఉంది కాబట్టి అవి రెండు విభాగాలు.

ముందు నాణ్యతా విభాగం సూపరింటెండెంటు అహోబలరావు గారి దగ్గరకి వెళ్లింది. ఆయన ఆమెని చూడగానే సంతోషించారు.

"రామ్మా, రా. నమూనా తెచ్చావా? పదిహేనో తారీకు దాటితే నేనేమీ చెయ్యలేను. నాణ్యత విషయంలో మా విభాగం రాజీపడదు."

"కోత కొయ్యొద్దంతన్నారు బాబూ."

"ఎవరన్నారు? కోయకుండా నమూనా ఎలా వస్తుంది?"

"ఆ బాబుగారు" అని బీరువా అవతలికి చూపించింది.

అహోబలరావు గారి ముఖం గంభీరమైంది. "అది వారి విభాగపు అధికార పరిధి. అందులో మేము జోక్యం చేసుకోకూడదు. వారికి లిఖితపూర్వకంగా తెలియజేస్తాం. మా లేఖ ప్రధాన కార్యాలయానికి వెళ్లి, అక్కడ పరిశీలించబడి, అక్కడినుంచి ఆ బల్లకి చేరుతుంది."

దేముడమ్మ ఆ బల్లకేసి చూసింది. నాలుగు అడుగులుంటుంది.

"ఎన్నాళ్లు పడతాది?"

"మార్చి లోపల తప్పకుండా."

ఆమె బీరువా చుట్టి అవతలికి వెళ్లింది. కొంగు విప్పి నల్ల పళ్లు చక్రధరం గారి ముందు పోసింది. ఆయన పెన్ను చివరతో ఒకదాన్ని కదిపి చూశారు.

"ఇవేమిటి?"

"మా తోటలో పళ్లే బాబూ. కొయ్యకపోతే ఇలగైపోతన్నాయి."

"ఇవి ఏ నిబంధన కింద నల్లబడ్డాయి?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"చూడమ్మా, నువ్వు కాఫీని కేవలం పంటగా చూస్తున్నావు. అది మొదటి దశ. సంస్థ దాన్ని అనుభూతిగా చూస్తోంది. పంట ఎవరైనా పండిస్తారు. అనుభూతిని ఎందరు పండించగలరు?"

"అనుభూతికి పురుగు పడతాది బాబూ."

అవతల అహోబలరావు గారు నవ్వబోయి దగ్గారు. చక్రధరం గారు బీరువా వైపు ఒకసారి చూసి, చాలాసేపు ఆలోచించి, ఆమె మీద దయతలచారు. రైతు ప్రయోజనాలు తమకు ముఖ్యమేనని, వారం లోపల సడలింపు ఇస్తామని చెప్పారు. ఇచ్చారు కూడా. వారానికి కాదు, నాలుగో రోజునే ఇచ్చారు. సంస్థ చరిత్రలో అంత త్వరగా ఏ ఉత్తర్వూ రాలేదట.

"సందర్శకుల దృష్టిపథమునకు అందని పళ్లు మాత్రమే రైతు కోయవలెను" అని రమణి చదివింది.

"అంతే?" అంది సొన్నమ్మ.

"కనబడని పళ్లు కోసుకోవచ్చంట నానమ్మా."

"కనబడకపోతే మనకెలా కనబడతాయే?"

ఆ చిక్కు సంస్థ ముందే ఊహించింది. ఏ పండు కనబడుతుందో ఏది కనబడదో తేల్చడానికి ఇద్దరు ఉద్యోగుల్ని టేపుతో పంపింది. వారిలో ఒకాయన సగటు సందర్శకుడి ఎత్తు ఉన్నాడని ఎంపికయ్యాడు. రెండో ఆయన రాసుకునేవాడు. సగటు ఆయన బాట మీద నిలబడి చూశాడు. కొన్ని పళ్లు ఆకుల చాటున ఉన్నాయి.

"కనబడ్డంలేదు" అన్నాడు.

రెండో ఆయన రాయబోయి ఆగాడు. "వంగి చూడండి."

వంగి చూశాడు. "వంగితే కనబడుతోంది."

"సందర్శకుడు వంగడని ఎక్కడైనా ఉందా?"

ఎక్కడా లేదు. అందుకని వంగి, కూర్చుని, తల పక్కకి తిప్పి, ఒక చోట మోకాళ్ల మీద పాకి చూశారు. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆకులు ఎత్తి చూశారు. సందర్శకుడు ఆకు ఎత్తడని కూడా లేదు కదా. పొద్దు వాలేసరికి సర్వే పూర్తయింది. ఎకరంన్నర తోటలో ఏ విధంగానూ కనబడని పళ్లు పదకొండు. అవి ఎక్కడున్నాయో వారు చూపించారు. దేముడమ్మ కోసింది. రసీదు మీద మత్స్యలింగం చేత సంతకం పెట్టించుకున్నారు.

ఆ పదకొండు పళ్లని ఆమె కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చి, ఒక పళ్లెంలో నీళ్లు పోసి వేసింది. రెండు తేలాయి.

"తొమ్మిది" అంది. ఆ రాత్రి అన్నం దగ్గర మత్స్యలింగం ఆమె ముఖం చూడలేకపోయాడు. మర్నాడు పాత చొక్కా వేసుకున్నాడు.

డిసెంబరు ఇరవై ఏడున జీపు మళ్లీ వచ్చింది. ఈసారి చక్రధరం గారు చాలా హుషారుగా ఉన్నారు. పథకం అంత ఘనంగా సాగుతున్నందుకు రాజధాని నుంచి ఒక పెద్ద అతిథి స్వయంగా విచ్చేస్తున్నారు. మొదట డిసెంబరు ఇరవై అన్నారు, తర్వాత జనవరి మూడన్నారు, ఇప్పుడు జనవరి ఇరవై ఐదుకి ఖాయమైంది. అప్పటిదాకా మామూలు బస్సులు రద్దు. తోట పెద్ద అతిథి కోసం అలా నిండుగా ఉండాలి.

"ఇరవయ్యైదా?" అన్నాడు మత్స్యలింగం. అతని గొంతు మొదటిసారి పెళ్లాం గొంతులా వినిపించింది. "అప్పటికి సెట్టు మీద ఒక్క పండు ఉండదు బాబూ."

"ఉండాలయ్యా. ఉండేటట్టు చూడటమే ఆదర్శ రైతు లక్షణం" అని ఆయన ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టారు. పెద్ద అతిథికి ముందే పంపిన రంగుల పుస్తకం ప్రతులవి. ఒకటి ఇంట్లో ఉంచుకోమని ఇచ్చారు. దాంతో పాటు కొత్త ఉత్తర్వు కూడా ఇచ్చారు. ఇవ్వడమే కాదు, ఈసారి ఆయనే స్వయంగా చదివారు.

"అతిథి మహోదయులు ఈ పుస్తకమందలి ముఖచిత్రమును చూసి ముగ్ధులైనారు. కావున ముఖచిత్రమందున్న పళ్లను, అవియున్న మొక్కను, వారి రాకవరకు ఎవరును తాకరాదు. గతంలో జారీ అయిన మూడవ నిబంధన మొదలు సడలింపు వరకు గల ఉత్తర్వులన్నియు ఇందుమూలముగా రద్దుపరచబడి, ఈ ఉత్తర్వు మాత్రమే అమలులో ఉండును. ఉల్లంఘించినచో ఎంపిక రద్దగును." చదివి, కాగితం మడిచి మత్స్యలింగం చేతికిచ్చారు. "ఒక్క ఉత్తర్వుతో పని సులువు చేశాం. బొమ్మలో ఏముందో అది అలాగే ఉండాలి. అంతే."

జీపు వెళ్లిపోయింది. అందరూ దాని దుమ్ముకేసి చూస్తూ వాకిట్లోనే నిలబడ్డారు. దేముడమ్మ మాత్రం పుస్తకం చేతిలోకి తీసుకుంది. ఆమెకి చదువు రాదు. బొమ్మ చూసింది. దగ్గరగా పెట్టుకుని చూసింది. ఎండలోకి వెళ్లి మళ్లీ చూసింది. అప్పుడు రమణిని పిలిచి, "దీని కింద ఏటి రాసేరే?" అని అడిగింది.

"మా తోటలో కాఫీ పళ్లు, ఘాటైన మట్టి మహిమ, అని రాశారమ్మా" అంది రమణి. తర్వాత ఆ పిల్ల కూడా బొమ్మకేసి దగ్గరగా చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ బాబు సదివిన కాగితంలో పాతయ్యన్నీ రద్దని ఉందా? సరిగ్గా సూసి సెప్పు."

రమణి తండ్రి చేతిలోంచి కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. "ఉంది. బొమ్మలో ఉన్నవి మాత్రమే ముట్టుకోకూడదు."

దేముడమ్మ పుస్తకం చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లింది. పొయ్యి వెలిగించింది. గిన్నెలో నీళ్లు పోసి, టీపొడి మామూలు కంటే ఒక చెంచా ఎక్కువ వేసింది. వాసన గుమ్మం దాటి వాకిట్లోకి వచ్చింది. సొన్నమ్మ ఎవరూ పిలవకుండానే గ్లాసు పట్టుకుని వచ్చి పీట మీద కూర్చుంది. ఆవిడ వేళ్లకి ఇంకా ఆకుపచ్చ దారం చుట్టుకుని ఉంది. రమణి వచ్చింది. చివర్న మత్స్యలింగం వచ్చి గోడకి చేరగిలబడ్డాడు.

"మా వల్ల కాదని సెప్పీద్దాం" అన్నాడు నేలకేసి చూస్తూ. "ఎంపిక పోతే పోనీ. బోర్డు నానే పీకీస్తాను."

"ఎందుకు పీకడం? పెద్దోళ్లు ఊరికే సెప్తారా?" అంది దేముడమ్మ.

అతను తలెత్తి చూశాడు. ఆమె ముఖంలో ఎగతాళి లేదు. నాలుగు గ్లాసుల్లో టీ పోసి, ముందు అత్తకి ఇచ్చి, తర్వాత భర్త చేతికి గ్లాసుతో పాటు పుస్తకం కూడా ఇచ్చింది. ముఖచిత్రం నిండా ఒకే ఒక గుత్తి ఉంది. ఎర్రటి చిన్న గింజలు, పొడుగ్గా వేలాడుతున్న గుత్తి, వెనకాల ఓక్ చెట్టు బెరడు. పక్కన చక్రధరం గారి అరచెయ్యి.

మత్స్యలింగం దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇది మిరియాల తీగ కదే."

"నాకేటి తెల్సు? కాపీ అని ఆళ్లే అచ్చేసినారు." దేముడమ్మ తన గ్లాసు పట్టుకుని పొయ్యి పక్కన కూర్చుంది. గొంతు పెంచలేదు. రేపు ఏ కూర వండాలో చెప్పినట్టు చెప్పింది. "రేపు తెల్లారగానే నలుగురం బుట్టలు కట్టుకుందాం. పై మడి నించి మొదలెడితే నాలుగు రోజుల్లో తోటంతా అయిపోద్ది. ఎర్రయ్యే కొయ్యాల, తొందరపడొద్దు. నల్లయ్యి ఏరి కాల్చీద్దాం. పదేనో తారీకుకి గింజలు ఎండిపోతాయి. అత్తా, నువ్వు కట్టినయ్యన్నీ నువ్వే విప్పు. ఒక్క బుట్ట గింజలు మనకి ఉంచుకుందాం, ఎలాగుంటాదో మనమూ తాగి సూద్దాం. ఏమయ్యా, నువ్వు బోర్డు తీసుకెళ్లి ఆ ఓక్ చెట్టు కింద పాతు. మిరియాల కోత ఫిబ్రవరిలో. అందాకా దాని జోలికి ఎవరూ ఎల్లొద్దు. రూలు రూలే."